వెంట్రుకల గెట్టు

కిషన్‌లాల్ ఆటోలోంచి మొదటి బస్తా దించినప్పుడు నేను వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతున్నాను. రెండో బస్తా దించినప్పుడు చాట పక్కన పెట్టాను. మూడోది దించేసరికి గేటు అవతల ఉన్నాను. సిమెంటు సంచులే గాని సిమెంటు బరువు లేదు, ఒంటి చేత్తో ఇట్టే ఎత్తుతున్నాడు. పత్తి అనుకుందామంటే ఏరే రోజులు దాటిపోయాయి. తవుడు అనుకుందామంటే కిరాయి గదిలో గొడ్డూ లేదు, గోదా లేదు. మా పక్క రేకుల గదిలో దిగి ఇరవై రోజులే అయింది, అడిగితే బాగుండదేమో అని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం అయిపోగానే సంచి మూతి విప్పి చెయ్యి పెట్టాను.

మెత్తగా తగిలింది. పిడికెడు బయటికి తీసి చూస్తే మనుషుల వెంట్రుకలు. నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టిన ఎర్రవి.

నేను వేసిన కేకకు మా ఆయన మంగయ్య లోపల మంచం మీద లేచి కూర్చున్నాడు. బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి, సైరన్ అనుకున్నాడట.

“గిదేందిరా! ఎవల నెత్తులు గొరిగి తెచ్చినవ్?”

“మణుగూరు మొత్తానియి పెద్దమ్మా,” అన్నాడు కిషన్‌లాల్ నవ్వు ఆపుకుంటూ. “భాను కటింగ్ షాపుల ఊడ్సి పెట్టిండు. ఇంకో మూడు షాపులయి గూడ ఉన్నయ్. పెద్దాయనయి సుత ఉంటయ్ ఇండ్ల, మొన్ననే గద కటింగ్ చేపిచ్చుకున్నడు.”

“ఏం జేస్తవ్ వీటితోని? సవరాలు అల్లుతవా?”

“అడివి పందులకు.”

“పందులకు సవరాలా!”

కూర్చోబెట్టి, చాయ్ పోసి, సంగతంతా రాబట్టాను. పంది కళ్లను నమ్ముకుని బతకదట, ముక్కును నమ్ముకుని బతుకుతుందట. చేను చుట్టూ జానెడు వెడల్పున వెంట్రుకలు చల్లితే, నేల వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి అవి పోతాయి. మనిషి వాసన తగులుతుంది, తుమ్ములొస్తాయి, చిరాకుపడి వెనక్కి మళ్లుతుంది. దానికి దెబ్బ తగలదు, చేనుకు నష్టం ఉండదు. అయితే మంచుకు తడిసి నేలకు అంటుకుపోతే ఆ వెంట్రుకలు పనిచేయవు. తెల్లవారగానే కర్రతో లేపుకుంటూ పోవాలి, ఎనిమిది రోజులకోసారి కొత్తవి చల్లాలి. ఆ లేపే పని అతని భార్య ద్వాలిది. ఆమె చేను దగ్గర, తండాలోనే ఉంటుంది. కిషన్‌లాల్ పొద్దునా సాయంత్రం మణుగూరు నుంచి పినపాకకు షేర్ ఆటో నడుపుతాడు, నడుమ దొరికిన పూట చేనులో ఉంటాడు. మా పక్కన గది తీసుకున్నది ఆటో కోసం, ఈ నాలుగు కటింగ్ షాపుల కోసం.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, చెరుకుగడలా ఉంటాడు. తలకు ఎప్పుడూ తువాలు. ఇంతమంది వెంట్రుకలు పోగుచేసేవాడికి తన నెత్తి మీద మాత్రం పది కూడా లేవు. అదే అన్నాను ఒకసారి. “నాయి మొదటి ఏడే చల్లేసిన పెద్దమ్మా,” అన్నాడు.

అతని బతుకు నాకు ఒక్కరోజులో తెలియలేదు. అంగడికి పోయినప్పుడల్లా ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని కొంచెం కొంచెం అడిగాను. వాళ్ల నాయన బలరాం బోనకల్ దిక్కు పత్తి చేలల్లో కూలి చేసేవాడట. ఎంత చేసినా చేను వేరేవాళ్లదే కదా. ఒక ఎండాకాలం గొడ్డలి, రెండు మేకలు, పెళ్లాం, ఇంకో ఎనిమిది కుటుంబాలు, అంతా కలిసి పినపాక దాటి అడవి అంచుకు వచ్చారు. గుట్ట కింద తొమ్మిది గుడిసెలు వేశారు. అప్పుడు గుట్ట నుంచి వాగు దాకా చెట్లేనట. ఇప్పుడు అక్కడ నూట పది ఇళ్లు. మొదట జొన్న వేశారు, తర్వాత పత్తి, ఇప్పుడు వాగు మీద మోటార్లు పెట్టుకుని యాసంగి మొక్కజొన్న. ప్రతి ఏడూ ప్రతి ఇల్లూ తన చేని హద్దు గెట్టును ఒక్కో సాలు ముందుకు జరిపింది. తండాలో ఎవరినైనా అడిగి చూడండి, అడవి నరికామని ఒక్కరూ అనరు. “గెట్టు జరంత సాపు జేసినం” అంటారు. అందరి గెట్లూ సాపయ్యేసరికి గుట్ట ఒకవైపు, వాగు ఒకవైపు, నడుమంతా చేలు.

“మరి తినకుంట ఎట్ల బతకాలె పెద్దమ్మా?” అన్నాడు. నేను తప్పు పట్టలేదు. మా ఆయన ముప్పై రెండేళ్లు తవ్విన బొగ్గు కూడా అడవి కిందిదే.

చిన్నప్పుడు కిషన్‌లాల్ పని మంచె మీద కూర్చుని రేకు డబ్బా కొట్టడం. దుప్పులు వస్తే కొట్టేవాడు, కణుజులు వస్తే కొట్టేవాడు. ఒకసారి ఎలుగుబంటి వచ్చి మంచె గుంజకు వీపు గోక్కుందట. డబ్బా పక్కన పెట్టేసి దుప్పటి కప్పుకున్నాడు.

“అరవలేదా?”

“అరిస్తే నేనున్న సంగతి దానికి తెలుస్తది గద.”

బలరాం పోయాక కిషన్‌లాలూ, తమ్ముడు చందూలాలూ భూమి పంచుకున్నారు. చెరి రెండున్నర ఎకరాలు, గెట్టుకు గెట్టు. ఆ అడవి భూమికి సర్కారు పోడు పట్టా ఇచ్చిన ఏడు కిషన్‌లాల్ తన పేరు, ద్వాలి పేరు ఉన్న ఆ కాగితానికి లామినేషన్ చేయించి తండా అంతా తిప్పాడట.

ఇక తీగ సంగతి. అతని గది ముందు బట్టలారేసే తీగ ఒకటి ఉంది. మా వాడలో అందరమూ నైలాను తాడు కడతాం. అతనిది మాత్రం మందమైన ఇనుప తీగ, ముక్కలు ముక్కలుగా నరికి మళ్లీ ముడివేసింది. ఇన్ని ముడులతో తీగ ఎవరైనా కడతారా? వారం రోజులు ఓపిక పట్టి అడిగాను. మొదట నవ్వి తప్పించుకున్నాడు. రెండోసారి అడిగితే చెప్పాడు.

నాలుగేళ్ల కింద పందుల బాధ పడలేక చేను చుట్టూ ఆ తీగ కట్టి, మోటారు డబ్బా నుంచి కరెంటు ఇచ్చాడు. పొద్దున తను పోయి తీసేదాకా చేను దిక్కు రావద్దని ద్వాలికి చెప్పాలనుకున్నాడు. అలసిపోయి నిద్రపోయాడు. తెల్లవారాక పోయి చూస్తే తీగకు ఇవతల ద్వాలి అడుగులు, అవతల ద్వాలి అడుగులు, నడుమ తడి గడ్డి. తప్పిపోయిన మేకపిల్ల వెనక పోయిందట. రెండుసార్లు దాటింది. కుచ్చుల లంగా తీగకు రాసుకుని రెండు దారప్పోగులు కూడా చిక్కుకుని ఉన్నాయి.

“మరి?”

“కరెంటు పోయింది పెద్దమ్మా. నాలుగు గంటలకు పోయి ఏడు గంటలకు వచ్చిందట. ఆరు గంటలకు దాటింది ఆమె.” గొంతు తగ్గించాడు. “ద్వాలికి ఎర్కలేదు. నువ్వు చెప్పకు.”

ఆ పొద్దే తీగను గొడ్డలితో నరికాడు. ఆ తర్వాతే వెంట్రుకలు.

వెంట్రుకలతో కిషన్‌లాల్ చేను నిలిచింది. వచ్చిన చిక్కు వేరే. పోయిన మాఘమాసంలో, కంకులు పాలు పట్టే రోజుల్లో, చందూలాల్ మా గేటు ముందు బండి ఆపాడు. అన్న కంటే ఆరేళ్లు చిన్న, అన్నకు రెండింతల గొంతు.

“అన్నా! నీ వెంట్రుకలు మంచిగనే పనిచేస్తున్నయ్. పందులన్నిటిని నా చేన్లకు తోలుతున్నయ్!”

“నీకు గూడ చల్లుతా అన్న గద తమ్మీ.”

“ఎన్నడు? నా కంకులు ఒడిసినంకనా? నీ ముక్క నిలవడ్డది, నా ముక్క బురద గుంట అయింది. నేను తీగె తెచ్చుకున్న. కట్ట కట్టగ తెచ్చుకున్న. కడ్త.”

కిషన్‌లాల్ ముఖం తెల్లబడింది. ఆ గెట్టు మీదనే కదా ద్వాలి రోజూ తెల్లవారి వెంట్రుకలు లేపుతూ నడిచేది. చందూలాల్ చెప్పి కడతాడో, చెప్పకుండా కడతాడో. చెప్పి కట్టినా, మనిషి మరిచిపోవడం ఎంతసేపు?

“ఆదివారం దాక ఆగు,” అన్నాడు. “నీ చేను మొత్తం నేనే చుట్టేస్త. సోమవారం నాడు ఒక్క పంది అడుగువెట్టినా నీ ఇష్టం.”

“సోమవారం,” అన్నాడు చందూలాల్. పోతూ పోతూ నా పొయ్యి మీద నుంచి రెండు జొన్నరొట్టెలు తీసుకుని పోయాడు. కోపం కోపమే, ఆకలి ఆకలే.

ఆ మూడు రోజులు కిషన్‌లాల్ వెంట్రుకల కోసం తిరగని షాపు లేదు. పదకొండు బస్తాలయ్యాయి. తొమ్మిది చేనుకు చేర్చాడు. రెండు మా వసారాలో పెట్టి, “శనివారం తీసుకుపోత పెద్దమ్మా,” అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెప్పకపోతే కథ ముందుకు పోదు.

ఆ రెండు బస్తాలూ కంపు. నూనె కంపు, చెమట కంపు, ఎవరిదో రంగు కంపు. మరునాడు మా మనవరాలు హర్షితను చూసుకోవడానికి మగపిల్లవాడి తరఫువాళ్లు వస్తున్నారు. వసారాలో వెంట్రుకల బస్తాలు చూసి ఏమనుకుంటారు? పైగా పేలుంటే? మంచి పనే చేస్తున్నాననుకుని, గంగాళంలో వేడినీళ్లు పోసి, సర్ఫు వేసి, డెట్టాల్ వేసి, రెండు బస్తాల వెంట్రుకలూ శుభ్రంగా పిండాను. మిద్దె మీద దోమతెర పరిచి ఆరబెట్టాను. మంగయ్య మెట్ల మీద నిలబడి చూసి, “ఉప్పు, కారం గూడ ఎయ్యి, వడియాలు అయితయ్,” అన్నాడు. ఆరాక మళ్లీ సంచుల్లో కుక్కి, మూతులు కట్టి పెట్టాను. కిషన్‌లాల్‌కు చెప్పలేదు. చెప్పేంత సంగతి అనుకోలేదు.

అతను రెండు చేలకూ రెండు కొసల నుంచి చల్లుకుంటూ వచ్చాడు. గుట్ట వైపున, అన్నదమ్ముల గెట్టు కలిసేచోట, ఆఖరున మిగిలిన జాగాలో ఆఖరి రెండు బస్తాలు చల్లాడు. అవి మా వసారావి.

సోమవారం ఎనిమిది గంటలకు ఆటో మా గేటు ముందు ఆగింది. సవారీలు లేరు.

“వెంట్రుకలు ఓడిపోయినయ్ పెద్దమ్మా. పందులు నడిమిట్ల తొక్కి పోయినయ్. తమ్ముడు తీగె బండి మీద ఏసుకుంటుండు.”

“యాడ తొక్కినయ్?”

“గుట్ట దిక్కు. ఆఖరు రెండు బస్తాలు చల్లిన కాడ.”

చేతిలో చెంబు కింద పెట్టాను. “కిషనా, తిట్టకు. అవి నేను ఉతికిన.”

“ఏంది?”

“ఉతికిన. సర్ఫు పెట్టి.”

నన్ను ఒకసారి, మిద్దె మీది దోమతెరను ఒకసారి చూశాడు. “డెట్టాల్ గూడ?” అన్నాడు సన్నగా. తలూపాను. అతను ఆటో వెనక్కి తిప్పాడు. నేను చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాను. తప్పు నాదైనప్పుడు తీర్పు దగ్గర నేను లేకపోతే ఎట్లా?

చేను చేరేసరికి చందూలాల్ మోటారు డబ్బా దగ్గర తీగ చుట్ట విప్పుతున్నాడు. ద్వాలి గెట్టు మీద కర్ర పట్టుకుని నిలబడి ఉంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, మాట తక్కువ. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నేలను చూశాను. చిన్నప్పటి నుంచి నాది అదే అలవాటు. ఎవరి ఇంటికి పోయినా ముందు వాకిలి ముగ్గు చూస్తాను, తర్వాతే మనిషిని.

చూస్తే వింత. చేను చుట్టూ మిగతా చోటంతా వెంట్రుకల గీత చెక్కుచెదరలేదు. నా ఉతికిన వెంట్రుకలు చల్లిన చోట మాత్రం, రెండు మంచాల వెడల్పున, మొక్కజొన్న నేలకు కరుచుకుని పడి ఉంది. ఆ తొక్కిన దారి వెంబడి నడిచాను. పంది చేనులో పడితే గిరగిర తిరిగి, తవ్వి, కొరికి పోస్తుందని విన్నాను. ఇక్కడ అట్లా లేదు. తిన్నగా గీత గీసినట్టు, రెండు చేల నడుమ నుంచి ఆ కొసకు పోయింది. అక్కడ వాగు.

“కిషనా, ఇటు రా. కంకులు లెక్కవెట్టు. తిన్నయి ఎన్ని?”

తొమ్మిదో పదో ఉన్నాయి. మిగతావన్నీ విరిగినవే, తిన్నవి కాదు. వాగు దగ్గర ఇసుకలో అడుగులు ఒకదాని మీద ఒకటి. పందివి నాకు తెలుసు. సన్నగా, రెండుగా చీలినవి దుప్పివట. అరచేయంత పెద్దవి కణుజువట. ఒక ఏదుపంది ముల్లు కూడా దొరికింది, కొంగున కట్టుకున్నాను.

“గివి తినెతందుకు రాలే,” అన్నాను. “నీళ్లకు వచ్చినయ్.”

ద్వాలి మొదటిసారి నోరు విప్పింది. మొగుడి వైపు తిరిగి, “చెప్పు,” అంది. “పెద్దమ్మకు చెప్పు. నీ నోటితోని చెప్పు.”

కిషన్‌లాల్ తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తొక్కిన జాగా వాళ్ల నాయన ఎన్నడూ దున్నలేదట. బలరాం గుడిసె వేసిన ఏడు పక్క కోయగూడెం పెద్దమనిషి వచ్చి, గుట్ట నుంచి వాగు దాకా నాలుగు బారల వెడల్పు కాళ్లతో గీసి చూపించాడట. “ఇది మీది గాదు, మాది గాదు. నీళ్లకు పొయ్యేటివాటిది. మిగిలింది దున్నుకో,” అన్నాడట. బలరాం ఉన్నన్నాళ్లూ అక్కడ పొదలే. నాయన పోయాక పంపకం రోజున అన్నదమ్ములిద్దరూ తాడు పట్టి, ఆ నాలుగు బారలను చెరి సగం చేసుకున్నారు. గెట్టు సాపు చేశారు.

“చిన్నగున్నప్పుడు మంచె మీద కూసుండి డబ్బా కొడ్తుంటే నాయన అంటుండె, బాట మీద ఉన్నయాటికి కొట్టకురా, చేన్లకు వస్తేనే కొట్టు అని.” అంతవరకు చెప్పి తువాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

చందూలాల్ మోటారు దగ్గర నుంచే అరిచాడు. “అయిపాయెనా కథ? నాయన పోయి పదిహేనేండ్లు. ఇప్పుడు చేన్ల నడుమ బాట ఇడ్సిపెట్టాల్నా? పందులకు రోడ్డు ఏస్తరా? టోల్‌గేట్ గూడ పెట్టున్రి!”

“పెడ్తం,” అన్నాను. “నువ్వే కూసో గేటు కాడ.”

అతని దగ్గరికి పోయాను. ద్వాలికి వినపడనంత దూరం చూసుకుని, నాలుగేళ్ల కిందటి తీగ, మేకపిల్ల, రెండు దారప్పోగులు, కరెంటు, అన్నీ చెప్పేశాను. చెప్పకు అన్నాడు కిషన్‌లాల్. ద్వాలికి చెప్పకు అన్నాడని, చందూలాల్‌కు చెప్పకు అనలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

“ఉట్టి కథలు,” అన్నాడు చందూలాల్. అయితే తీగ విప్పుతున్న చేతులు ఆగాయి. చుట్ట కింద పడేసి, “పదిహేను దినాలు,” అన్నాడు. “బాట ఇడువున్రి. నా దిక్కు రెండు బారలు నేను కోస్త. నా చేన్ల మల్ల నష్టమైతే మాత్రం ఎవ్వల మాట ఇనను.”

పాలకంకులు నిండిన చేను కోయడం చూడటం కష్టం. ద్వాలే మొదటి కొడవలి పెట్టింది. గుట్ట నుంచి వాగు దాకా నాలుగు బారల వెడల్పున కోసి, పచ్చిమేతకు తండాలో పంచారు. నాకు ఒక సంచెడు కంకులు ఇచ్చారు. ఆ బాటకు అటూ ఇటూ, చేలు ఆనుకునే చోట, రెండు వరుసల వెంట్రుకలు. బాట నోటి దగ్గర ఏమీ లేదు, తెరిచిన వాకిలిలా వదిలేశారు. ఇదివరకు చేను చుట్టూ ఉన్న గెట్టు ఇప్పుడు గుట్టకూ వాగుకూ నడుమ సందులా అయింది. భాను షాపులో ఊడ్చిన వెంట్రుకలు ఊడ్చినట్టే తెచ్చాం, ఈసారి నేను వాసన కూడా చూడలేదు.

సాక్ష్యం ఉండాలని కిషన్‌లాల్ అటవీశాఖ బీట్ ఆఫీసరు హేమలతకు ఫోన్ చేశాడు. సన్నటి పిల్ల, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, స్కూటీ మీద వచ్చింది. ఆమెది కూడా తండానే, ద్వాలితో వాళ్ల భాషలోనే మాట్లాడింది. చందూలాల్ తీగ చుట్టను మోటారు వెనక్కి తోశాడు. ఆమె చూసింది, చూడనట్టు ఉంది. అడుగులను టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకుంది.

“గుట్ట మీద నీళ్లు లేవా బిడ్డా?” అని అడిగాను.

“ఉన్న రెండు కుంటలు ఎండినయ్ అమ్మా. సిమెంటు తొట్లు కట్టినం, ట్యాంకర్ రావాలె. ఈ వాగుకు మొత్తం మీద తొమ్మిది బాటలు ఉండెనంట. నేను డ్యూటీల చేరినప్పుడు మూడున్నయ్. పోయినేడు ఒక్కటి.” పుస్తకం మూసింది. “దీనితోని రెండు.”

బాట మొదట్లో ఉన్న ఇప్పచెట్టుకు చిన్న డబ్బాలాంటి కెమెరా కట్టింది. ముందు ఏది కదిలినా ఫోటో తీస్తుందట, తేదీ, గంట, నిమిషంతో సహా. అదెట్లా తీస్తుందో చూడాలని నాకు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

మొదటి వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు చందూలాల్ చేనులో ఏదుపంది దూరి ఆరు మొక్కల మొదళ్లు కొరికింది. దాని ముక్కుకు వెంట్రుకలు లెక్కలేనట్టున్నాయి. కిషన్‌లాల్ ఆ సాయంత్రం అన్నం తినలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరునాడూ ఎత్తలేదు. తెల్లవారుజామున లేచి, ద్వాలికి ఫోన్ చేసి, “ఇయ్యాల చేను దిక్కు పోకు,” అన్నాడు. గోడ ఇవతల నుంచి విన్నాను. “ఎందుకు?” అని ఆమె అడిగినట్టుంది. అతను చెప్పలేకపోయాడు. ఎందుకో చెప్పకపోతే ఆమె ఆగే మనిషి కాదు. మంచు కురిసింది, వెంట్రుకలు లేపాలి.

కిషన్‌లాల్ సవారీలను వదిలేసి ఆటో అటే తోలాడు. నేను ఎప్పుడు ఎక్కానో నాకే గుర్తులేదు. పోయేసరికి ద్వాలి బాట సగంలో కర్రతో వెంట్రుకలు లేపుతూ నిదానంగా వస్తోంది. తీగ ఎక్కడా లేదు. మోటారు వెనక కూడా లేదు. కిషన్‌లాల్ గెట్టు మీద కూర్చుండిపోయాడు. “ఏమైంది?” అంది ద్వాలి. “ఆటో వేడెక్కింది,” అన్నాడు.

పదిహేనో రోజు హేమలత కెమెరా విప్పి, లోపలి చిన్న చిప్పు తీసి తన ఫోన్‌కు పెట్టింది. మేమంతా ఇప్పచెట్టు కింద గుమిగూడాం. చందూలాల్ కూడా వచ్చాడు గాని కొంచెం ఎడంగా, తుమ్మ మొద్దు మీద కూర్చున్నాడు.

ఫోటోలు బూడిదరంగులో ఉన్నాయి. పందులు, పిల్లలతో పన్నెండు. దుప్పుల గుంపు, తలలన్నీ వాగు వైపే. ఒక కణుజు, కొమ్ముల మీద తీగ పాకినట్టు గడ్డి. కుందేలు. ఏదుపంది. ఎలుగుబంటి వెనక భాగం మాత్రమే.

“గిది ఏం జంతువు?” అన్నాడు కిషన్‌లాల్ ఉన్నట్టుండి.

తెరంతా ఒక ముక్కు, రెండు కళ్లు, ముక్కుపుల్ల. ఆ తర్వాతి ఫోటోలోనూ అదే. మొత్తం ఏడు ఫోటోల్లో నేనే.

“ఇది నీళ్లకు రాదు,” అన్నాడు చందూలాల్ దూరం నుంచే. “ముచ్చట్లకు వస్తది.” హేమలత నవ్వు ఆపుకోలేక ఫోన్ నాకిచ్చి కళ్లు తుడుచుకుంది.

అందుకని ఆ తర్వాతి నాలుగు ఫోటోలు నా వేలే తిప్పింది. మేము ఆటోలో ఉరికివచ్చిన ఆ పదో రోజు తెల్లవారి, ఆరు గంటల ఎనిమిది నిమిషాలు: చందూలాల్, భుజం మీద తీగ చుట్ట, బాటలోకి పోతున్నాడు. ఆరూ పదమూడు: ద్వాలి, వాగు వైపు నుంచి, చేతిలో కర్ర, తల వంచుకుని నేలనే చూస్తూ. ఆరూ పద్నాలుగు: చందూలాల్ పక్కకు తిరిగి నిలబడ్డాడు, ఆమెనే చూస్తున్నాడు. ఆమె చూసినట్టు లేదు. ఆరూ పదహారు: చందూలాల్ వెనక్కి పోతున్నాడు. తీగ భుజం మీదే ఉంది.

నా భుజం మీంచి కిషన్‌లాల్ చూశాడు, ద్వాలి చూసింది. హేమలత కూడా చూసింది. “తీగె మోసుడు నేరం గాదు,” అంది మెల్లగా, ఫోన్ తీసుకుని జేబులో వేసుకుంటూ. ద్వాలి మొగుడితో వాళ్ల భాషలో ఏదో ఒక్క ముక్క అంది. అతను తల వంచుకున్నాడు. ఏమందో నాకు అర్థం కాలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఫాల్గుణం వెళ్లేలోపు రెండు చేల కంకులూ ఇంటికి చేరాయి. బాట పక్క రెండు సాళ్లు మాత్రం తిన్నవి తిన్నట్టే పోయాయి. కిందనున్న చేలవాళ్లు ఇంకా ఎవరూ తాడు పట్టలేదు, గెట్టు వెనక్కి జరపలేదు. ఒకరిద్దరు వచ్చి చూసిపోయారు. హేమలత కెమెరా ఇప్పచెట్టుకే ఉంది. మా హర్షిత సంబంధం కుదరలేదు. దానికీ వెంట్రుకలకూ సంబంధం లేదని మంగయ్య అంటాడు.

మొన్న సోమవారం చందూలాల్ మా గేటు ముందు బండి ఆపాడు. వెనక రెండు ఖాళీ సిమెంటు సంచులు.

“పెద్దమ్మా, భాను కటింగ్ షాపోడు ఇయ్యాల లేడు, రేపు నింపుతడంట. నీ వసారాల పెడ్తడు. ఎల్లుండి తీసుకపోత.”

“అట్లనే బిడ్డా.”

బండి స్టార్ట్ చేశాడు. మళ్లీ ఆపి తల తిప్పాడు.

“జర ఉతకకు,” అన్నాడు.